మాట్లాడడానికీ అప్పేనా?

ఓడినవాడు కోర్టులో ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు అంటారు. మా మేనమామ ఇంటికొచ్చి ఏడ్చినవాడు.

వాగు పక్కన మూడెకరాలు. తాతల నాటి భూమి. గిరిజనేతరుల చేతికి పోయింది. 1/70 చట్టం కింద కేసు వేశాడు. పదకొండేళ్లు నడిచింది. వాయిదా వాయిదాకీ బస్సు ఛార్జీలు, ప్లీడరు ఫీజు, కాగితాల నకళ్లు, మధ్యాహ్నం హోటల్లో రెండు ఇడ్లీలు. చేతిలో డబ్బు ఉంటేగా? సంతలో కొట్టు ఉన్న షావుకారు ఇచ్చేవాడు. ఇచ్చిన ప్రతిసారీ ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకునేవాడు. మామకు చదువు రాదు. ఎనిమిదో తరగతి చదివే నేనే ఆ పుస్తకం చదివి వినిపించేవాణ్ణి.

కేసు గెలిచాడు. రెండేళ్లు తిరక్కుండానే ఆ మూడెకరాల్లో షావుకారు మనుషుల నాగళ్లు దిగాయి. పట్టా మామ పేరునే ఉంది. పంట మాత్రం షావుకారు ఇంటికి పోయేది. చట్టం గెలిపించిన భూమిని, ఆ గెలుపు కోసం చేసిన అప్పు తినేసింది.

ఇది మా ఒక్క ఇంటి కథే అనుకునేవాణ్ణి. కెనడా దేశంలో ఆదివాసీ జాతులకూ ప్రభుత్వానికీ మధ్య నడిచిన ఒడంబడిక చర్చల గురించి చదివాక ఆ ఎర్ర అట్ట పుస్తకం మళ్లీ కళ్ల ముందుకు వచ్చింది. అక్కడ షావుకారు పని సాక్షాత్తూ ప్రభుత్వమే చేసింది. అదీ దొంగచాటుగా కాదు, విధానం రాసుకుని, పాతికేళ్ల పాటు. ఆ విధానాన్ని మన యువకులు, ఉపాధ్యాయులు తెలుసుకోవాలనీ, దాని మంచి చెడ్డలు తూచి చూడాలనీ ఈ వ్యాసం.

కెనడాకు పడమటి తీరాన బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం ఉంది. కెనడాలో మిగతా చాలా చోట్ల వలస ప్రభుత్వం ఆదివాసీ జాతులతో ఒడంబడికలు రాయించుకుని భూమి తీసుకుంది. ఆ ఒడంబడికల్లో న్యాయమెంత అన్నది వేరే సంగతి. కనీసం కాగితమైనా ఉంది. బ్రిటిష్ కొలంబియాలో అదీ లేదు. 1850 నుంచి 1854 వరకు వాంకూవర్ దీవిలో కుదిరిన 14 చిన్న ఒడంబడికలు, ఈశాన్య మూలకు వర్తించే 1899 నాటి ఎనిమిదో నంబరు ఒడంబడిక తీసేస్తే, మిగిలిన కొండలు, నదులు, అడవులు దాదాపు అన్నీ అడగకుండా తీసుకున్నవే.

అక్కడి ఆదివాసులు నోరు మూసుకుని కూర్చోలేదు. 1887లోనే నిస్గా జాతి పెద్దలు పడవల్లో రాజధాని విక్టోరియాకు వెళ్లి తమ భూమి సంగతి తేల్చమని అడిగారు. వట్టి చేతులతో తిరిగొచ్చారు. 1913లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు అర్జీ పంపారు. తర్వాత చాలా జాతులు ఒక్కటై సంఘంగా ఏర్పడ్డాయి. ఆండ్రూ పాల్, పీటర్ కెల్లీ వంటి నాయకులు 1927లో పార్లమెంటు సంయుక్త కమిటీ ముందు నిలబడి వాదించారు. కమిటీ వాళ్ల హక్కును కాదంది. భూమికి బదులుగా ఏడాదికి లక్ష డాలర్లు మొత్తం రాష్ట్రంలోని ఆదివాసుల సంక్షేమానికి ఖర్చు పెడతామంది.

అదే ఏడాది ఇండియన్ యాక్టు అనే చట్టంలో 141వ సెక్షన్ చేర్చారు. ప్రభుత్వ అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా, ఆదివాసుల హక్కుల దావా నడపడానికి వాళ్ల దగ్గర ఎవరైనా డబ్బు అడిగినా, తీసుకున్నా నేరం. జరిమానా గాని, జైలు గాని. అంటే గూడెమంతా తలా ఒక రూపాయి వేసుకుని ప్లీడరును పెట్టుకుంటే, ఆ రూపాయి పుచ్చుకున్న ప్లీడరు నేరస్థుడు. ఈ సెక్షన్ 1951 దాకా, అంటే 24 ఏళ్లు అమల్లో ఉంది.

ఈ సెక్షన్‌ను మనం బాగా గుర్తుపెట్టుకోవాలి. హక్కు అడగడానికి డబ్బు కావాలన్న సంగతి అందరికంటే బాగా తెలిసింది ప్రభుత్వానికే. మనిషి నోరు కట్టాలంటే కష్టం, మూట కడితే చాలు, నోరు దానంతట అదే పడిపోతుందని లెక్క వేసింది.

ఆ సెక్షన్ పోయాక నిస్గా జాతి మళ్లీ కోర్టుకెక్కింది. ఫ్రాంక్ కాల్డర్ పేరు మీద నడిచిన కేసులో 1973 జనవరి 31న కెనడా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సాంకేతిక కారణం మీద నిస్గా ఓడిపోయినా, ఏడుగురు న్యాయమూర్తుల్లో ఆరుగురు ఒక మాట ఒప్పుకున్నారు: తెల్లవాళ్లు రాకముందు నుంచీ భూమి మీద ఆదివాసులకు హక్కు ఉంది. అది ఇప్పటికీ మిగిలి ఉందా అన్నదాని మీద ముగ్గురు ఒక వైపు, ముగ్గురు మరో వైపు. ఆ తీర్పుతో కేంద్ర ప్రభుత్వం చర్చలకు కూర్చోక తప్పలేదు. నిస్గా ఒడంబడిక 2000 మే 11న అమల్లోకి వచ్చింది. విక్టోరియాకు పడవలెక్కిన నాటి నుంచి లెక్కేస్తే 113 ఏళ్లు.

మిగతా జాతుల కోసం 1992లో మూడు పక్షాలు కలిసి బ్రిటిష్ కొలంబియా ఒడంబడిక కమిషన్‌ను పెట్టాయి. ఒక పక్షం కేంద్రం, ఒకటి రాష్ట్రం, మూడోది ఫస్ట్ నేషన్స్. ఫస్ట్ నేషన్స్ అంటే తొలి జాతులు. కెనడాలో చాలామంది ఆదివాసులు తమను అలా పిలుచుకుంటారు. కమిషన్‌లో ఐదుగురు. ఇద్దరిని ఫస్ట్ నేషన్స్ ఎన్నుకుంటాయి, ఒకరిని కేంద్రం, ఒకరిని రాష్ట్రం వేస్తాయి, ప్రధాన కమిషనర్‌ను మూడు పక్షాలూ ఒప్పుకుని పెట్టుకోవాలి. 1993 డిసెంబరు నుంచి దరఖాస్తులు తీసుకున్నారు. చర్చలకు ఆరు మెట్లు. అరవైకి పైగా జాతులు చేరాయి.

చూడడానికి బాగానే ఉంది కదా. చర్చల ఖర్చు డబ్బు పంచే పని కూడా నేరుగా ప్రభుత్వం చేతిలో పెట్టకుండా ఈ కమిషన్‌కే అప్పగించారు. ప్రతి జాతీ ఏటా పని ప్రణాళిక, బడ్జెట్ ఇవ్వాలి, ఆడిట్ లెక్కలు చూపాలి. ఇదీ మంచి పద్ధతే. మెలిక అంతా ఆ డబ్బు స్వభావంలో ఉంది. నూటికి 20 వంతులు గ్రాంటు. 80 వంతులు అప్పు. అప్పు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం. అంటే బల్లకు అవతల కూర్చున్న పక్షమే.

ఆ బల్ల దగ్గరికి ఒకసారి మనం వెళ్లి నిలబడి చూద్దాం. అటు వైపు కేంద్రం తరఫు అధికారులు, రాష్ట్రం తరఫు అధికారులు. వాళ్ల జీతాలు, వాళ్ల లాయర్లు, సర్వేయర్లు, విమానం టిక్కెట్లు అన్నీ ఖజానా నుంచే. చర్చ ఇరవై ఏళ్లు సాగినా వాళ్ల ఇంట్లో పొయ్యి ఆరదు. ఇటు వైపు ఆదివాసీ పెద్దలు. పటాలు గీయించాలన్నా, ముసలివాళ్ల మాటలు రికార్డు చేయించాలన్నా, లాయరుతో ఒక గంట మాట్లాడాలన్నా అప్పే. మాట్లాడిన ప్రతి రోజూ ఇటు వైపు అప్పు పెరుగుతుంది. ఒడంబడిక కుదిరాక వచ్చే సొమ్ములోంచి ఆ అప్పు కోసుకుంటారు. కుదరకపోతే అప్పు మాత్రం మిగులుతుంది.

భూమి పోగొట్టుకున్నవాడు, ఆ భూమి గురించి మాట్లాడడానికి, భూమి తీసుకున్నవాడి దగ్గరే అప్పు చేయాలి! ఈ ఒక్క వాక్యం చాలు ఆ విధానం మీద తీర్పు చెప్పడానికి. అయినా విమర్శ అన్నాక కోపం ఒక్కటే చాలదు. అప్పు ఏం చేసిందో విడివిడిగా చూడాలి.

మొదటిది, లేచి బయటికి వచ్చే దారి మూసేసింది. చర్చ మనకు లాభం లేదు, కోర్టుకే పోదాం అనుకున్న జాతికి వెనకాల లక్షల డాలర్ల బాకీ కనిపిస్తుంది. ఆ బాకీ తీరే దారి ఒడంబడిక ఒక్కటే. కాబట్టి కూర్చోవాల్సిందే.

రెండోది, వద్దు అనే మాటకు వెల కట్టింది. లేడ్లీ టెన్నే అనే జాతి ఒడంబడిక చివరి ముసాయిదా మీద 2007లో ఓటు వేసింది. జనం వద్దన్నారు. 2018లో మళ్లీ ఓటు పెట్టారు, మళ్లీ వద్దన్నారు. అది వాళ్ల హక్కు. కానీ ఆనాటి నియమం ప్రకారం జనం ఓటుతో ముసాయిదా పోతుంది, అప్పు పోదు. వద్దన్నందుకు కూడా బిల్లు కట్టాలంటే దాన్ని స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి అని ఎలా అంటాం?

మూడోది, ఇంట్లో చిచ్చు పెట్టింది. కన్సల్టెంట్లు తిన్నారా, నాయకులు తిన్నారా, అన్నేళ్ల డబ్బు ఏమైందని పిల్లలు పెద్దల్ని నిలదీస్తారు. కొన్ని చోట్ల ఆ ప్రశ్న న్యాయమైనదే అయి ఉండవచ్చు. కానీ ఆ కోపం అప్పు పెట్టిన విధానం మీదికి పోకుండా సొంత మనుషుల మీదికే తిరుగుతుంది. అవతలి పక్షానికి ఇంతకన్నా ఏం కావాలి?

సెక్వెపెమ్ జాతి నాయకుడు, 2017లో కన్నుమూసిన ఆర్థర్ మాన్యుయెల్ తన పుస్తకాల్లో ఈ ఒడంబడిక పద్ధతిని మొత్తంగా తిరస్కరించాడు. ఆదివాసులకు వదిలిపెట్టిన రిజర్వుల నేల అంతా కలిపితే కెనడా విస్తీర్ణంలో 0.2 శాతమేననీ, మిగిలిన నేల మీది హక్కు వదులుకోవడానికి ఆదివాసుల చేతే అప్పు చేయిస్తున్నారనీ ఆయన వాదన. ఆ వాదనలో బలం ఉంది. అయితే చర్చలకు కూర్చున్నవాళ్లందరూ మోసపోయినవాళ్లని అంటే నేను ఒప్పుకోను. త్సవాసెన్ జాతి ఒడంబడిక 2009లో, ఐదు జాతులు కలిసిన మానుల్త్ ఒడంబడిక 2011లో, ట్లామిన్ ఒడంబడిక 2016లో అమల్లోకి వచ్చాయి. వాళ్లు తమలో తాము తర్కించుకుని, ఓటు వేసుకుని ఒప్పుకున్నారు. ఇండియన్ యాక్టు పెత్తనం నుంచి చాలావరకు బయటపడి సొంత పాలన తెచ్చుకున్నారు. వాళ్ల నిర్ణయాన్ని తప్పు పట్టడానికి మనమెవరం? మనం తప్పు పట్టాల్సింది, ఆ నిర్ణయం తీసుకునే వేళ వాళ్ల మెడ మీద అప్పు కత్తి వేలాడదీసిన పద్ధతిని.

అప్పును సమర్థించేవాళ్ల మాట కూడా వినాలి. ఊరికే డబ్బిస్తే చర్చలు ఎప్పటికీ తెగవు, అప్పయితే రెండు వైపులా తొందర ఉంటుంది అంటారు. నిజమేనా? 1993లో మొదలైతే 2019 నాటికి ఈ పద్ధతిలో అమలు దాకా వచ్చినవి పైన చెప్పిన మూడు ఒడంబడికలే. అప్పు తొందర పెట్టి ఉంటే ఇంత ఆలస్యం ఎందుకైంది? తొందర ఒక వైపే ఉంది కాబట్టి. అప్పు లేని పక్షానికి ఆలస్యమే లాభం. ఈలోగా అడవి నరుకుతూనే ఉండవచ్చు, గని తవ్వుతూనే ఉండవచ్చు.

ఇదంతా ఆదివాసీ నాయకులు, చివరికి ఒడంబడిక కమిషన్ కూడా ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన మాటే. 2018 బడ్జెట్‌లో కెనడా ప్రభుత్వం చర్చలకు ఇకపై అప్పు ఇవ్వడం మాని, తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటు ఇస్తామంది. 2019 బడ్జెట్‌లో పాత బాకీలన్నీ రద్దు చేస్తామనీ, ఇప్పటికే కట్టినవాళ్లకు తిరిగి ఇస్తామనీ ప్రకటించింది. దేశమంతటా రెండు వందలకు పైగా ఆదివాసీ సముదాయాలకు సంబంధించి ఏడేళ్లలో 140 కోట్ల డాలర్ల లెక్క అది.

మంచి పని. మంచి పని అనే అనాలి. అయితే దాన్ని ఔదార్యం అంటే మాత్రం ఒప్పుకోకూడదు. మాఫీ అనే మాటలోనే తప్పు చేసినవాడు అప్పు తీసుకున్నవాడే అన్న ధ్వని ఉంది. ఇక్కడ సరిదిద్దుకున్నది ప్రభుత్వం తన తప్పును. పైగా డబ్బు తిరిగి ఇవ్వగలరు గాని, అప్పు భయంతో బల్ల దగ్గర వదులుకున్న నేలను, ఎదురుచూస్తూ చనిపోయిన ముసలివాళ్లను తిరిగి ఇవ్వలేరు. ఆ లెక్క ఏ బడ్జెట్‌లోనూ కనిపించదు.

ఇదే దేశపు న్యాయస్థానం ఈ విషయంలో ప్రభుత్వం కంటే ముందుంది. ఒకనాగన్ జాతి కేసులో 2003లో కెనడా సుప్రీంకోర్టు, కేసు నడిపే స్తోమత లేని ఆదివాసీ సముదాయానికి దాని ఖర్చు ముందుగానే ప్రభుత్వం భరించాలన్న ఆదేశాన్ని నిలబెట్టింది. వాదనలో పస ఉండాలి, విషయం ప్రజలందరికీ ముఖ్యమైనదై ఉండాలి అని షరతులు పెట్టింది. 2022లో బీవర్ లేక్ క్రీ జాతి కేసులో ఇంకో అడుగు వేసింది. ఆ జాతి ఖాతాలో డబ్బు ఉండవచ్చు. కానీ ఆ డబ్బు ఇళ్లకు, నీళ్లకు, అత్యవసరాలకు కావాల్సినదైతే, అది ఉంది కాబట్టి మీరు పేదలు కారు అనడానికి వీల్లేదని చెప్పింది. బిడ్డకు పాలు మానిపించి ప్లీడరుకు ఫీజు కట్టమనడం న్యాయం కాదన్నమాట.

మరి మన సంగతి? మనకు ఒడంబడికలు లేవు. ఐదో షెడ్యూలు ఉంది, 1996 నాటి పెసా ఉంది, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉంది. 1997 జూలై 11న సమత తీర్పు వచ్చింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ నడిపిన కేసు అది. సరిగ్గా ఐదు నెలలకు, 1997 డిసెంబరు 11న, కెనడాలో గిట్క్సాన్, వెట్సువెటెన్ జాతుల డెల్గముక్ తీర్పు వచ్చింది. ఆ కేసు కింది కోర్టులో 374 రోజులు విచారణ జరిగింది. ఎక్కడైనా సరే, ఇలాంటి తీర్పు రావాలంటే ఎవరో ఒకరు అన్ని రోజుల ఖర్చు మోయాలి. మనం తీర్పు తేదీలు పిల్లలకు చెబుతాం, ఆ ఖర్చు ఎవరు మోశారో చెప్పం.

షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు గ్రామసభ సమ్మతి కావాలని 2013 చట్టం చెబుతుంది. గ్రామసభకు వచ్చే కంపెనీ వెంట ఇంజనీర్లు, నివేదికలు, కంప్యూటర్ బొమ్మలు వస్తాయి. ఆ నివేదిక నిజమో కాదో చెప్పే మన మనిషిని మనం పెట్టుకోవాలంటే ఆ ఖర్చు ఎవరిదో చట్టం చెప్పదు. కెనడా కథ మనకు పనికొచ్చేది ఇక్కడే. సమ్మతి అడిగే హక్కు ఒక్కటే ఇస్తే సగం హక్కు ఇచ్చినట్టు. సమ్మతి గురించి ఆలోచించుకునే ఖర్చు, అప్పుగా కాకుండా, అవతలి పక్షం చేతిలో కాకుండా వేరే చేతిలో ఉండాలి. ఇది మన సంఘాలు అడగాల్సిన కోరిక.

ఉన్న హక్కునైనా వాడుకోవాలి. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ తెగల మనిషికి ఆదాయం ఎంతున్నా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. మా మామ కేసు నాటికి కూడా ఈ చట్టం పుస్తకంలో ఉంది. ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎనిమిదో తరగతి చదివే నాకూ ఎవరూ చెప్పలేదు. నా బడిలో పదో తరగతి దాటి వెళ్లే ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఈ సెక్షన్ నంబరు నోటికి వచ్చి ఉండాలని నా పట్టుదల.

చివరగా మన లోపల సంగతి. డబ్బు నిర్వహణ అనగానే మనం ప్రభుత్వాన్నే తిడతాం. మన సంఘాల్లో వసూలైన చందాలకు రసీదు ఉందా? హైదరాబాదు వెళ్లొచ్చిన ప్రతినిధుల ఖర్చు గూడెంలో చదివి వినిపించారా? గ్రాంటు వచ్చినా, చందా వచ్చినా నాలుగు సంగతులు తప్పవు. ఒకటి, డబ్బు దాచేవాడూ ఖర్చు పెట్టేవాడూ ఒకడే కాకూడదు. రెండు, లెక్క నెల నెలా గ్రామసభలో, మన భాషలో, గట్టిగా చదవాలి. మూడు, లాయరుకో కన్సల్టెంటుకో పని అప్పగించే ముందు ఎంత పనికి ఎంత డబ్బో కాగితం మీద రాయించుకోవాలి. నాలుగు, ఖర్చులో ఒక వంతు మన పిల్లలు ఆ పని నేర్చుకోవడానికి పెట్టాలి. పటం గీయడం, రికార్డు వెతకడం, లెక్క రాయడం. అలా చేస్తే వచ్చేసారి బయటివాడికి ఇచ్చే ఫీజు తగ్గుతుంది.

ఏడో తరగతిలో బారువడ్డీ పాఠం చెప్పేటప్పుడు ఉపాధ్యాయ మిత్రులు ఒక పని చేయండి. పుస్తకంలో రాము, సోము లెక్కలు పక్కన పెట్టి, ఒక గూడెం పదకొండేళ్లు కేసు నడిపిందనుకుని వాయిదా ఖర్చులు వేయించండి. ఆ డబ్బు అప్పయితే చివరికి ఎంత మిగులుతుంది, గ్రాంటయితే ఎంత మిగులుతుంది, అందరూ కలిసి వేసుకున్న నిధి అయితే ఎంత మిగులుతుంది, మూడు గళ్లు గీయించి పూర్తి చేయమనండి. నేను చేయించాను. మొదటి గడిలో వచ్చిన జవాబు చూసి వెనక బెంచీ పిల్ల లేచి, "అయితే ఆ కేసు గెలిచి ఏం లాభం సార్?" అని అడిగింది. ఆ ప్రశ్న నేను ఎనిమిదో తరగతిలో, ఎర్ర అట్ట పుస్తకం చేతిలో పట్టుకుని, అడగాల్సింది.